యోకెబెదు ఇంటి బడి
(వేసవి సెలవులలో తప్పటడుగుల బిడ్డతో ఇంటనుండు తల్లిదండ్రులకు గృహ పాఠము)

పాఠ్యభాగములు: నిర్గమకాండము 2:1-10, ద్వితీయోపదేశకాండము 6:4-9, 2 రాజులు 4:18-37.

కంఠత వాక్యము: ద్వితీయోపదేశకాండము 6:7. (బైబిలు తెరచి ఇంటివారందరు కలిసి బిగ్గరగా చదువుడి.)

పాఠ్యోద్దేశము: ఏడాది నిండి మూడేండ్లు దాటని బిడ్డతో గడుపు వేసవి దినములు దేవుడు మన చేతికిచ్చిన మంచి కాలమని గ్రహించి, వాటిని సంతోషముతోను జాగ్రత్తతోను వాడుకొనుట.

ఉపోద్ఘాతము



బడులు మూసి వేసవి సెలవులు ఇయ్యగానే మన సంఘములలో సందడి మొదలగును. పెద్దపిల్లలకు వి.బి.ఎస్. ఉన్నది. యౌవనస్థులకు క్యాంపులున్నవి. స్త్రీల సమాజమువారు ఊళ్లకు పోయి బంధువులను చూచి వత్తురు. అయితే ఇంకను బడి ముఖము చూడని చిన్నబిడ్డకు ఏ కార్యక్రమమును లేదు. వానిని చంకనెత్తుకొని వి.బి.ఎస్. పందిరి చివర నిలువబడిన తల్లి పాట ముగియకముందే వాడు ఏడ్చుటచేత ఇంటికి తిరిగి పోవుచున్నది. మదురైలో మే నెల ఎండ 38 డిగ్రీలు దాటుట మామూలే. మే మొదటి వారమున కత్తిరి ఎండ మొదలైతే పగలు పది గంటలకే వీధి ఖాళీయగును. కోయంబత్తూరు సముద్రమట్టమునకు సుమారు 400 మీటర్ల ఎత్తున ఉండి, పాలక్కాడు కనుమ గాలి తగులు ఊరు గనుక అక్కడ కొంత మేలు. అయినను రేకుల కప్పు క్రింద కాపురముండు వారికి ఆ మేలు అంతగా తెలియదు.

ఈ దినములు ఎప్పుడు గడచునా అని లెక్కపెట్టు తల్లులు అనేకులు. వారికొరకే ఈ పాఠము.

1. ఆ ఇంట ముగ్గురు బిడ్డలు

నిర్గమకాండము 2వ అధ్యాయము చదువునప్పుడు మన కన్ను జమ్ముపెట్టె మీదనే నిలుచును. ఇంటిలోపలికి కూడ ఒకసారి చూతము. నిర్గమ 7:7 ప్రకారము ఫరో యెదుట నిలిచిన నాటికి మోషేకు 80 ఏండ్లు, అహరోనుకు 83 ఏండ్లు. అనగా మోషే పుట్టిననాడు ఆ ఇంట మూడేండ్ల అహరోను కూడ ఉన్నాడు. మూడు నెలలు పసివాని ఏడ్పు బయటికి వినబడకుండ దాచిన ఆ తల్లి, మాటలు వచ్చిన మరియొక చిన్నవానిని కూడ సముదాయించవలసి వచ్చినది. ఇంటి గుట్టు బయట పెట్టుటకు మూడేండ్ల నోరు ఒక్కటి చాలును గదా! పెద్దదైన అక్క నది ఒడ్డున కాపలా నిలువగలిగినంత తెలివిగలది. తండ్రి అమ్రాము పేరు నిర్గమ 6:20లో ఉన్నది. ఇశ్రాయేలీయులందరివలె అతడును వెట్టిచాకిరి క్రింద ఉన్నవాడే.

ఇది బానిసల ఇల్లు. వేడి దేశము. నది దగ్గర ఉన్నను ఆ నదియే మగబిడ్డలకు మృత్యువు. అట్టి ఇంట దేవుడు తన ప్రజల నాయకుని పెంచుటకు ఏర్పాటు చేసెను. ఫరో కుమార్తె బిడ్డను తిరిగి తల్లి చేతికే అప్పగించి, పాలిచ్చి పెంచినందుకు జీతము కూడ ఇచ్చెదనని చెప్పెను (2:9 చూడుడి). ఈ మాటను మన సంఘములు గమనించవలెను. ఇంట కూర్చుండి బిడ్డను పెంచు స్త్రీని గూర్చి “ఆమెకు పనియేమున్నది?” అని మనము తరచుగా అందుము. బైబిలులో ఆ పనికి జీతము కట్టిన సంగతి ఇక్కడ స్పష్టముగా ఉన్నది.

యోకెబెదుకు దొరికిన కాలము ఎంత? పాలు విడుచువరకే. ఆ కాలపు వాడుకను బట్టి రెండు మూడేండ్లు. తరువాత వాడు రాజగృహమునకు పోయెను. ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చెనని అపొ. కార్యములు 7:22 చెప్పుచున్నది. అయినను పెద్దవాడైన తరువాత తన సహోదరులు ఎవరో అతనికి తెలిసియే ఉన్నది (నిర్గమ 2:11). హెబ్రీ 11:24-26 కూడ చదువుడి. ఆ తెలివికి పునాది ఎక్కడ పడెను? తల్లి ఇంటనే పడెనని తలంచుటకు తగిన ఆధారమున్నది.

2. పరదేశములో పసినోట తల్లిభాష

మన పెద్దలు ఈ తమిళ నేలకు వచ్చిన దారులు అనేకము. మదురైలో విశ్వనాథ నాయకునితో 1529లో మొదలైన నాయకుల ఏలుబడి 1736 వరకు సాగినది. తిరుమల నాయకుడు (1623-1659), రాణి మంగమ్మ (1689-1706) కాలములలో దర్బారు భాష తెలుగే. ఆ రోజులలో సేనతో, మగ్గముతో, నాగలితో వచ్చిన తెలుగు కుటుంబములు కొంగునాడు వరకు విస్తరించినవి. తరువాత కోయంబత్తూరులో 1888లో స్టేన్స్ మిల్లు, 1910లో లక్ష్మీ మిల్లు వచ్చినవి. 1932లో పైకారా విద్యుత్తు వచ్చిన పిమ్మట మిల్లులు మరి అనేకము లేచినవి. మిల్లు వీధులలో, రైల్వే క్వార్టర్లలో, పారిశుద్ధ్య పనివారి కాలనీలలో తెలుగు మాట వినబడుచునే వచ్చినది.

బాప్టిస్టులమైన మనకు మరియొక వంశవృక్షము కూడ ఉన్నది. శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగువారి మధ్య సేవకు వచ్చుట, 1840లో నెల్లూరులో స్థిరపడుట, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందుట మన పిల్లలకు చెప్పదగిన చరిత్ర. అలాగే 1903లో జాన్ రంగయ్య గారు తెలుగు బాప్టిస్టుల పక్షమున దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు మిషనరీగా వెళ్లిరి. చెరకు, తేయాకు తోటలకు కూలికి పోయిన మనవారు అక్కడ తెలుగులో ప్రార్థించుటకు ఆరాటపడుచుండిరి. కాబట్టి పరదేశమున ఇంటి భాషలో దేవుని స్తుతించుట మనకు కొత్త సంగతి కాదు.

అయితే ఇప్పుడు చిక్కు ఎక్కడ ఉన్నది? 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము తరువాత బడులలో తమిళము తప్పనిసరియైనది. దాని ప్రక్కన ఇంగ్లీషు. తెలుగు చదువు చాలమంది మన పిల్లలకు దొరకుటలేదు. సంఘములో పాటల పుస్తకము పట్టుకొని, అక్షరములు రాక, ప్రక్కవారి పెదవులు చూచి పాడు యౌవనస్థులను మనమెరుగుదుము. కొందరు తెలుగు పాటను తమిళ లిపిలో వ్రాసికొని పాడుచున్నారు.

తమిళము మీద మనకు విరోధము లేదు. ఈ నేల మనకు అన్నము పెట్టినది, ఇరుగుపొరుగు నిచ్చినది. మనమున్న పట్టణపు క్షేమము కోరవలెనని యిర్మీయా 29:7 బోధించుచున్నది. ఐగుప్తువలె ఈ దేశము మనలను బానిసలను చేయలేదు. పోలిక అంతవరకు పోనియ్యకూడదు. వీధిలో తమిళము బిడ్డకు తనంతటతానే వచ్చును, రావలెను కూడ. పసిబిడ్డ రెండు భాషలను ఒకేసారి నేర్చుకొనగలడు. ఒకే వాక్యములో “తణ్ణి ఇయ్యి” అని రెంటిని కలిపినను అది తప్పు కాదు, నేర్చుకొను దారిలో ఒక మజిలీ. తెలుగైతే ఇంట తప్ప మరి ఎక్కడను దొరకదు. బిడ్డ మొదటి మాటలు పలుకు ఈ రెండు మూడేండ్లలో ఇంట తెలుగు నిండుగా వినబడనియెడల, పదేండ్లకు పుస్తకము చేతికిచ్చినను అది పరాయి భాషగానే తోచును.

ఇందుకు వేసవి మంచి అదను. అక్కలు, అన్నలు ఇంట ఉందురు. పల్లె నుండి అవ్వ, తాత వత్తురు. మన అవ్వల తెలుగు ఆంధ్రదేశపు సినిమా తెలుగువలె లేదని సిగ్గుపడవద్దు. అందులో పాత మాటలున్నవి, తమిళపు తాలింపు ఉన్నది. బిడ్డను జోకొట్టుటకు ఆ తెలుగే తగినది. తిమోతికి విశ్వాసము అవ్వయైన లోయి, తల్లియైన యునీకే ద్వారా వచ్చినదని 2 తిమోతి 1:5 చెప్పుచున్నది. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు. రెండు భాషల ఇంట పెరిగినవానికి పసితనమునుండియే లేఖనములు తెలిసినవని అదే పత్రిక 3:15 సాక్ష్యమిచ్చుచున్నది.

3. దినమునకు నాలుగు వేళలు

ద్వితీయోపదేశకాండము 6:7 దేవుని మాటను పిల్లలకు చెప్పుటకు నాలుగు వేళలను చూపుచున్నది: ఇంట ఉన్నప్పుడు, దారిలో పోవునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. దీనికి బడిగది అక్కరలేదు. వేసవి దినమును ఈ నాలుగు పాళ్లుగా పంచుకొనుడి.

లేచు వేళ: ఎండ ముదరకముందు, ఆరు నుండి ఎనిమిది వరకు, బయట గడుపుడి. వాకిట నీళ్లు చల్లునప్పుడు వానికి కూడ చిన్న చెంబు ఇయ్యుడి. కాకి, ఉడుత, మేక కనబడినప్పుడు పేరు తెలుగులో చెప్పి, “దీనిని ఎవరు చేసిరి?” అని అడిగి, “యేసయ్య” అని మీరే జవాబు చెప్పుడి. పది దినములలో వాడే చెప్పును. ప్రార్థన రెండు వాక్యములు దాటనియ్యవద్దు. ఈ వయసున మనస్సు ఒకచోట నిలుచుట కొద్ది నిమిషములే.

ఇంట ఉండు వేళ: పది గంటల నుండి నాలుగు గంటల వరకు ఇల్లే లోకము. కొనిన బొమ్మలు అక్కరలేదు. మూతలు, గరిటెలు, అట్టపెట్టె, పాత చీర చాలును. చీరను మంచము మీదుగా వేసి గుడారము చేసి, అబ్రాహాము గుడారములో ఉండెనని చెప్పుడి. అట్టపెట్టె నోవహు ఓడ యగును. తారంగము, దాగుడుమూతలు, గుర్రమాట మన అవ్వలకు వచ్చిన ఆటలే. ఆడినదే పదిసార్లు ఆడుమని అడుగును. విసుగుకొనకుడి. తిరిగి తిరిగి వినుటవలననే వాడు నేర్చుకొనును. తల్లి పప్పు ఏరునప్పుడు, బట్టలు మడుచునప్పుడు వానికి కూడ ఒక పని ఇయ్యుడి. తన చిన్న తుండుగుడ్డను తానే మడిచినప్పుడు వాని ముఖము చూడుడి.

దారిలో: సాయంకాలము ఐదు దాటిన తరువాత చేయి పట్టుకొని నడిపించుడి. హోషేయ 11:1-4లో దేవుడు తన జనులకు నడక నేర్పిన తండ్రిగా తన్ను చూపుకొనుచున్నాడు. వాని అడుగుకు మన అడుగు తగ్గించి నడచుట ఆ వచనమునకు మంచి వ్యాఖ్యానము. ఈ వంతు తండ్రులు తీసికొందురు గాక. మోషే తాను జనులను మోయలేకపోవుచున్నానని మొరపెట్టినప్పుడు, పసిపిల్లను రొమ్మున ఎత్తుకొను పెంపుడు తండ్రి పోలికను వాడెను (సంఖ్యా. 11:12). బిడ్డను ఎత్తుకొనుట పురుషునికి తక్కువతనమని ఆ ప్రవక్త తలంచలేదు.

పండుకొను వేళ: ఏడాది నుండి రెండేండ్ల బిడ్డకు పగటి నిద్రతో కలిపి దినమునకు 11 నుండి 14 గంటల నిద్ర కావలెను. మధ్యాహ్నము జోలపాటగా ఒక తెలుగు కీర్తన పాడుడి. రాత్రి ఆ దినమున చూచిన మూడు వస్తువుల పేర్లు చెప్పి, వాటికొరకు స్తోత్రము చెప్పి నిద్రపుచ్చుడి.

4. ఎండ, నీరు: మెలకువ కలిగియుండుడి

2 రాజులు 4వ అధ్యాయములో షూనేమీయురాలి కుమారుడు కోతకాలమున తండ్రియొద్దకు పొలమునకు పోయి, తలనొప్పియని చెప్పి, మధ్యాహ్నమునకు తల్లి ఒడిలో మరణించెను. అది వడదెబ్బయని అనేక వ్యాఖ్యానకర్తలు తలంచుచున్నారు. దేవుడు ఎలీషా ద్వారా వానిని బ్రదికించెను. ఆ తల్లి విశ్వాసమును మెచ్చుకొనుచునే, ఎండ పసిప్రాణమును ఎంత త్వరగా కృంగదీయునో కూడ నేర్చుకొందము.

దాహమని చెప్పుట చిన్నబిడ్డకు తెలియదు. అడుగకముందే గంటకొకసారి కొద్దికొద్దిగా త్రాగించుడి. కాచి చల్లార్చిన నీరు, పలుచని మజ్జిగ, రాగి జావ, లేత కొబ్బరి నీరు మంచివి. తాటి ముంజెలు, తమిళులు నుంగు అందురు, ఈ కాలపు వరము. అయితే ముంజె జారుడు గనుక చిదిపి పెట్టుడి. వేరుసెనగ గింజలు, ద్రాక్షలు నిండుగా పెట్టిన గొంతున అడ్డుపడును. ఆరు నెలలలోపు పసికందుకు వేసవిలో సైతము తల్లిపాలు చాలును, వేరే నీరు పోయకూడదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు.

విరేచనములైన యెడల ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము కలిపి త్రాగించుడి. అది దొరకునంతవరకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా పట్టుడి. ఉప్పు అంతకు మించకూడదు. నోరు ఎండుట, ఏడ్చినను కన్నీరు రాకుండుట, ఆరు గంటలు మూత్రము పోయకుండుట, మత్తుగా పడియుండుట కనబడిన ఆలస్యము చేయక వైద్యునియొద్దకు కొనిపోవుడి. ఒళ్లు కాలిపోవుచు స్పృహ తప్పినచో నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో తుడుచుచు 108కి ఫోను చేయుడి. ప్రార్థన చేయుడి, ఆటో కూడ పిలువుడి. షూనేమీయురాలు కూడ గాడిదను త్వరగా తోలుమనెను గదా!

మరియొక అపాయము ఇంటిలోనే ఉన్నది. వేసవిలో కుళాయి నీరు వంతులవారీగా వచ్చును గనుక డ్రమ్ములు, బకెట్లు, బిందెలు నింపి పెట్టుకొందుము. జానెడు లోతు లేని బకెట్టు నీటిలో కూడ తలక్రిందులుగా పడిన బిడ్డ లేవలేడు. అరుపు కూడ వినబడదు. సంపునకు గట్టి మూత వేసి తాళము పెట్టుడి. వాడని బకెట్టు బోర్లించుడి. స్నానపు తొట్టెలో ఆడుచున్నప్పుడు తలుపు తట్టినవారి కొరకైనను బిడ్డను విడిచిపోవద్దు, ఎత్తుకొని పొండి. యోకెబెదు బిడ్డను నీటిమీద విడిచినప్పుడు కూడ కాపలాకు ఒక కన్ను అక్కడ ఉండెను. గ్రైండరు తీగ, ఇస్త్రీపెట్టె, పూలు కట్టు ఇళ్లలో సూది, కత్తెర అందకుండ ఉంచుడి.

ఇల్లు చల్లబడుటకు మిద్దెమీద సున్నము పూయుట, కిటికీకి తడిగుడ్డ కట్టుట, పగలు మూసి రాత్రి తెరచుట తక్కువ ఖర్చు ఉపాయములు. నూలుబట్టలు చాలును. చెమటకాయలకు పౌడరు గుప్పుట కంటె రెండుపూటల స్నానము మేలు.

5. చేతిలోని చిన్న తెర

వంట ముగియువరకు ఏడ్వకుండ ఉండుటకు ఫోను చేతికిచ్చుట నేడు ప్రతి ఇంట ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహా ఇది: రెండేండ్లు నిండని బిడ్డకు తెర వద్దు. రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంటకు మించకూడదు, తగ్గిన కొలది మేలు. కదులుచు ఆడుకొనుట దినమంతటిలో కలిపి మూడు గంటలైనను ఉండవలెను. బైబిలు బొమ్మల కథయైనను తెర తెరయే. ఫోను బిడ్డతో మాటలాడునే గాని వాడు అడిగినదానికి జవాబు చెప్పదు. వాని ముద్దుమాట విని నవ్వి, సరిచేసి, తిరిగి పలికించువారు మనుష్యులే. ఫోనును ఇంకొక విధముగా వాడవచ్చును. దూరముననున్న అవ్వను ముఖాముఖి పిలిచి మాటలాడించుడి.

6. సంఘము చేయవలసినది

“బిడ్డతో సంతోషించుడి” అని చెప్పుట సులువు. నిద్రలేని రాత్రి, రేకుల ఇంటి వేడి, మిల్లు షిఫ్టు, అత్తింటి పనులు, వీటి నడుమ తల్లి విసిగి బిడ్డను కొట్టినదన్న మాట మనము వినుచున్నాము. అట్టి సహోదరిని గద్దించుటకు ముందు ఒక గంట ఆమె చేతిలోని బిడ్డను మనము ఎత్తుకొందము. పిల్లలను ఆటంకపరచిన శిష్యుల మీద ప్రభువు కోపపడెను (మార్కు 10:13-16). ఆయన పిల్లలను ఎత్తుకొనెనని కూడ అక్కడ వ్రాయబడియున్నది. ఆ పిల్లలను తెచ్చినవారి అలసట ఆయనకు తెలియకపోలేదు.

కాబట్టి వి.బి.ఎస్. జరుగు దినములలో గుడి ప్రక్కన నీడగల చోట చాప పరచి, ఇద్దరు పెద్ద స్త్రీలు తల్లీబిడ్డలకొరకు కూర్చుండవచ్చును. ఆరాధనలో పసివాడు ఏడ్చినప్పుడు వెనుకకు తిరిగి చూచు అలవాటు మానుకొనవచ్చును. తెలుగు అక్షరములు రాని యౌవన తల్లులకు వారమునకు ఒక గంట అవ్వలు అక్షరములు నేర్పవచ్చును. ఆ తల్లి నేర్చిన అక్షరము రేపు బిడ్డకు చేరును.

ముగింపు

హన్నా ప్రతి సంవత్సరము సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోవుచుండెను (1 సమూ. 2:19). ఏటేట అంగీ కొలత పెరుగుచుండెను. నిరుటి వేసవిలో ప్రాకిన బిడ్డ ఈ వేసవిలో పరుగెత్తుచున్నాడు. రాబోవు వేసవికి సంచి భుజమున వేసికొని బడికి సిద్ధమగును. రాజగృహమునకు పంపకముందు యోకెబెదుకు దొరికినన్ని దినములే మనకును దొరకినవి. వాటిని ప్రభువు చేతినుండి పుచ్చుకొందము.

చర్చించుటకు ప్రశ్నలు

1. మోషేకు తన సహోదరులెవరో తెలియుటకు తల్లి ఇంట గడపిన కాలము ఎట్లు సహాయపడియుండును?
2. మన ఇంట బిడ్డతో ఎవరు ఏ భాషలో మాటలాడుచున్నారు? ప్రార్థన ఏ భాషలో జరుగుచున్నది?
3. ద్వితీ. 6:7లోని నాలుగు వేళలలో మన ఇంట ఏది వట్టిగా పోవుచున్నది?
4. చిన్నబిడ్డల తల్లులకు ఈ వేసవిలో మన సంఘము చేయగల ఒక పని యేది? ఎవరు పూనుకొందురు?

ఈ వారపు అభ్యాసము

సంపు మూత, బకెట్లు నేడే చూచుకొనుడి. ఏడు దినములు ప్రొద్దున రెండు వాక్యముల తెలుగు ప్రార్థన బిడ్డతో చెప్పించుడి. ఒక సాయంకాలము తండ్రి ఒక్కడే బిడ్డను నడిపించవలెను, ఆ వేళ తల్లి విశ్రమించవలెను.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మాకిచ్చిన పసిబిడ్డలకొరకు స్తోత్రము. ఈ వేడి దినములలో వారి ప్రాణములను కాపాడుము. మా విసుగును క్షమించి ఓర్పు దయచేయుము. వారి మొదటి మాటలలో నీ నామము మా ఇంటి భాషలో వినబడునట్లు కృప చూపుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.